పుట వంగాలా? పాఠకుడు వంగాలా?



ఛందస్సునో ప్రబంధాలనో తప్ప మరొక ప్రస్తావన ఎత్తని ఈ తెలుగు పంతులు సెల్‌ఫోనుల చరిత్ర చెప్పబూనడమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. కారణం ఉన్నది. ముందు దానిని విన్నవించి, పిమ్మట కథలోకి వస్తాను.

2016లో, నేను బడి విడిచిన కొద్ది నెలలకు, ఒక పూర్వవిద్యార్థి కువైట్ నుండి ఫోను చేశాడు. కోనసీమ పిల్లవాడు. పదవ తరగతి దాటి చదువు సాగలేదు. అక్కడ ఒకరింట డ్రైవరుగా పనిచేస్తున్నాడు. నా జాలస్థలి సంగతి ఎవరో చెప్పగా వెదికి పట్టుకున్నాడట. కుశలప్రశ్నలయ్యాక, “మేష్టారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాటండి,” అన్నాడు.

“చెప్పరా.”

“రాత్రి పనయ్యాక పడుకుని మీ వ్యాసాలు సెల్‌లో చదువుతానండి. అక్షరాలు చీమతలకాయల్లా ఉంటున్నాయి. పెద్దవి చేస్తే పంక్తి సగమే కనబడుతోంది. ప్రతి పంక్తికీ కుడివైపుకి లాగాలి, మళ్ళీ ఎడమవైపుకి లాగాలి. నాలుగో పంక్తికొచ్చేసరికి మొదటి పంక్తి మర్చిపోతున్నానండి.”

“కంప్యూటరులో చదువుకోరాదూ?”

“నాకు కంప్యూటరెక్కడిదండీ, మేష్టారూ!”

ఆ సమాధానం విన్నాక నా ప్రశ్నకు నేనే సిగ్గుపడ్డాను. ముప్పయ్యేళ్ళకు పైగా పాఠం చెప్పినవాణ్ణి. వెనుక బల్ల మీది పిల్లవాడికి నల్లబల్ల కనబడకపోతే అది వాడి తప్పు కాదని, నా అక్షరం చిన్నదని అర్థమని తెలిసినవాణ్ణి. జాలంలోకి వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోయింది? ఆ ప్రశ్న వెంబడి పోయి, జాలపుట చిన్న తెర మీదికి ఎట్లా దిగివచ్చిందో ఓపికగా చదివాను. చదివినకొద్దీ అది యంత్రాల చరిత్రగా గాక, పుటకూ పాఠకుడికీ మధ్య మర్యాద చరిత్రగా కనిపించింది.

ఆరంభం నుండి చూద్దాము. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్‌లీ 1989లో జాలానికి ప్రతిపాదన వ్రాశాడు. 1991 నాటికి మొదటి జాలస్థలి వెలసింది. దాని పుటలో బొమ్మల్లేవు, రంగుల్లేవు, వరుసల్లేవు. అక్షరాలూ, లంకెలూ మాత్రమే. ఐతే గమనించవలసినదొకటి ఉన్నది: విహరిణి కిటికీని వెడల్పు చేస్తే పంక్తులు సాగుతాయి, ఇరుకు చేస్తే మడతపడి కిందికి దిగుతాయి. పుటకు తనదంటూ ఒక వెడల్పు లేదు. ‘ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లంకె’ అని చెప్పడమే హెచ్.టి.ఎం.ఎల్. పని. ఎక్కడ విరగాలో, ఎంత వెడల్పుండాలో చదివేవాడి యంత్రానికి వదిలిపెట్టారు.

ఈ సంగతి మనకు కొత్త కాదు. తాటాకు ప్రతిని చూసినవారికి తెలుస్తుంది. ఆకు పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. దారం కోసం వేసిన రంధ్రాన్ని తప్పించి గంటం సాగిపోవాలి. అక్కడ పద్యం నాలుగు పాదాలు నాలుగు పంక్తులుగా ఉండదు. ఆకు ఎంత వరకు ఉంటే అంత వరకు అక్షరాలు నడుస్తాయి, ఆకు అయిపోతే మరు పంక్తి మొదలు. అయినా పద్యం చెదరదు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతిస్థానం, రెండవ అక్షరం ప్రాస. ఈ లెక్క తెలిసినవాడు పాదం ఎక్కడ ముగిసిందో చెవితో పట్టుకుంటాడు. అంటే పద్యానికి ఆకారం ఆకులో లేదు, ఛందస్సులో ఉన్నది. ఆకు మారినా, కాగితమైనా, గోడ మీద చెక్కినా అది ఉత్పలమాలే. తొలినాటి జాలపుట ఈ జాతిది.

ఆ తరువాత అచ్చు మర్యాదలు జాలంలోకి ప్రవేశించాయి. అచ్చుపుస్తకం కూర్చేవాడికి కాగితం కొలత ముందే తెలుసు, కనుక ప్రతి అక్షరం ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించగలడు. ఆ అధికారానికి అలవాటుపడ్డ చేతులు జాలపుటలనూ అట్లాగే కట్టాయి. పట్టికలు గీసి, గదులు కట్టి, పిక్సెళ్ళు లెక్కపెట్టి, పుట వెడల్పును బిగించేశారు. తెరలు 800 పిక్సెళ్ళున్నప్పుడు దానికి తగినట్లు, 1024 అయినప్పుడు దానికి తగినట్లు. ‘ఈ పుట 800×600 తెర మీద చక్కగా కనబడును’ అని అడుగున ప్రకటనలు ఉండేవి, మీకు జ్ఞాపకమే. ఇంటికి పిలిచిన అతిథితో ‘ఫలానా ఎత్తున్నవారికే మా గుమ్మం’ అన్నట్లు!

ఈ పోకడను తప్పుపట్టినవారు లేకపోలేదు. 2000 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఆల్సప్ ‘ఎ లిస్ట్ అపార్ట్’ అనే జాలపత్రికలో ఒక వ్యాసం వ్రాశాడు. ప్రాచీన చీనా గ్రంథం తావో తె చింగ్ భావాలను ఆధారం చేసుకుని ఆయన చెప్పినదాని సారాంశం ఇది: కాగితం మీద ఉన్న పట్టు జాలంలో లేకపోవడం లోపం కాదు, అదే దాని గుణం, పుటను బిగించకుండా, చదివేవాడి అవసరానికి తగ్గట్టు మలగనివ్వాలి. మెచ్చుకున్నవారు మెచ్చుకున్నారు, బిగించేవారు బిగిస్తూనే ఉన్నారు.

ఇదే కాలంలో సెల్‌ఫోను మరొక ద్వారాన జాలంలోకి వచ్చింది. 1997లో నోకియా, ఎరిక్సన్, మోటరోలా, అన్‌వైర్డ్ ప్లానెట్ సంస్థలు కలిసి ‘వ్యాప్’ అనే ఏర్పాటుకు పూనుకున్నాయి. 1998లో దాని తొలి ప్రమాణం వెలువడింది. మరుసటి యేడు వచ్చిన నోకియా 7110 దానిని అందుకున్న మొదటి ఫోనులలో ప్రసిద్ధం. దాని తెర 96 పిక్సెళ్ళ వెడల్పు, 65 పిక్సెళ్ళ ఎత్తు. అంత చిన్న తెర మీద మామూలు పుటలు ఎట్లాగూ పట్టవని, ఫోనులకు ప్రత్యేకంగా ‘డబ్ల్యు.ఎం.ఎల్.’ అనే వేరే భాష పెట్టారు. అందులో పుటలుండవు, పేకముక్కలవలె ‘కార్డులు’ ఉంటాయి, కార్డులన్నీ కలిసి ఒక ‘డెక్కు’. జపానులో ఎన్.టి.టి. డొకొమో 1999 ఫిబ్రవరిలో ‘ఐ-మోడ్’ ప్రారంభించింది. అది హెచ్.టి.ఎం.ఎల్.నే కుదించి వాడుకున్నది కనుక పుటలు కట్టేవారికి సులభమై, అక్కడ విశేషంగా వ్యాపించింది. తక్కినచోట్ల వ్యాప్ అంత రాణించలేదు. వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ, చదవడానికి ఉన్నది స్వల్పం.

ఇక్కడ మొలకెత్తిన ఆలోచన చాలా కాలం నిలిచింది: కంప్యూటరువారికి ఒక జాలం, ఫోనువారికి వేరొక జాలం. 2006లో ఫోనుపుటల కోసం ‘డాట్ మోబీ’ అనే చిరునామా తోకనే తెచ్చారు. పెద్ద సంస్థలు చిరునామా ముందు ‘ఎమ్’ అనే అక్షరం తగిలించి ఫోనువారిని అటు మళ్ళించేవి. ఆ రెండవ వాకిట అన్ని వ్యాసాలూ ఉండేవి కావు, అన్ని లంకెలూ పనిచేసేవి కావు. విందులో పెద్దలకు ఒక పంక్తి, పనివారికి పెరట్లో వేరొక పంక్తి అన్నమాట. జాలప్రమాణాలు చూసే డబ్ల్యు3సి 2008లో ఫోనుపుటలకు వెలువరించిన మార్గదర్శకాలలో ‘ఒకే జాలం’ అనే సూత్రం ఉన్నది. ఏ పరికరంతో వచ్చినవాడికైనా, వీలయినంత మేరకు, అదే సమాచారం అందాలని దాని భావం.

మన తెలుగువారి అవస్థ వేరు. వెడల్పు సంగతి తరువాత, మొదట అక్షరమే కనబడాలి గదా! యూనికోడులో తెలుగుకు 1991లోనే 128 స్థానాలు కేటాయించారు. కంప్యూటరులో 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నది. సెల్‌ఫోనులో తెరిస్తే మాత్రం పుటంతా డబ్బాలు. ఖతి ఉన్నచోట కూడ ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు తప్పుకుని, ‘స్త్రీ’ అన్న చిన్నమాట ముక్కలు ముక్కలుగా కనబడేది. తెలుగు అక్షరానికి స్థానం ఉంటే చాలదు, హల్లూ ఒత్తూ స్వరచిహ్నమూ కలిపి ఒక్క రూపంగా కూర్చే తెలివి యంత్రానికి ఉండాలి.

ఆ రోజుల్లో ఆదుకున్నది ఒపెరా మినీ. నార్వే సంస్థ తయారుచేసిన ఈ విహరిణి 2006 జనవరిలో ప్రపంచమంతటికీ అందుబాటులోకి వచ్చింది. దీని కిటుకు ఏమిటంటే, పుటను ఫోను నేరుగా తెచ్చుకోదు. మధ్యలో ఆ సంస్థవారి కంప్యూటరు పుటను తెచ్చి, పిండి, చిన్నది చేసి ఫోనుకు పంపుతుంది. చిరునామా పట్టీలో ‘ఒపెరా:కాన్‌ఫిగ్’ అని కొట్టి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపమనే అమరికను ‘యెస్’ చేస్తే, తెలుగు అక్షరాలను అక్కడే కూర్చి బొమ్మలుగా పంపేది. ఈ చిట్కాను మనవాళ్ళు ఒకరికొకరు మంత్రోపదేశంవలె చెప్పుకున్నారు. ఆ విధంగా మొదటిసారి సెల్‌ఫోనులో తెలుగు చూసి సంతోషించినవారిలో నేనొకడిని.

2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోనును ప్రదర్శించాడు. ఆ యేడు జూన్ 29న అది అమ్మకానికి వచ్చింది. వ్యాప్ దారిలో పోకుండా, అసలు జాలాన్నే చేతిలో పెడతామన్నది వారి వాదన. ఐతే దాని తెర వెడల్పు 320 పిక్సెళ్ళు, జాలంలోని పుటలేమో వెయ్యి పిక్సెళ్ళకు దాపుగా బిగించి ఉన్నాయి. అందుకని ఆ ఫోను ఒక మాయ చేసింది. తన తెర 980 పిక్సెళ్ళని పుటతో అబద్ధమాడి, అట్లా పరచిన పుటను కుదించి తన చిన్న తెరలో చూపింది. రెండుసార్లు తడితే పెద్దదవుతుంది, రెండు వేళ్ళతో సాగదీయవచ్చు. చూడముచ్చటే, కాని చదవడానికి కష్టమే. నా శిష్యుడు పడిన పాట్లకు మూలం ఇక్కడ ఉన్నది. ఇంకొక విడ్డూరం: 1991 నాటి పుటవలె ఏ వెడల్పుకైనా ఒదిగే పుటలు సైతం ఈ అబద్ధం వల్ల చీమతలకాయలై కనబడ్డాయి. బిగించినవాడి పాపం బిగించనివాడికీ చుట్టుకున్నది.

దీనికి విరుగుడు కూడ అదే సంస్థ ఇచ్చింది. ‘వ్యూపోర్ట్’ అనే ఒక్క పంక్తిని పుట తలకట్టులో వ్రాస్తే, ‘నా వెడల్పు నీ తెర వెడల్పే, నాతో అబద్ధమాడనక్కరలేదు’ అని పుట ఫోనుతో చెప్పినట్లు. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చింది. అటువైపు విహరిణులు కూడ ఈ పంక్తిని మన్నించడం నేర్చుకున్నాయి.

వ్యూపోర్ట్ పంక్తి ఉన్నా, పుట బిగువు సడలకపోతే ఫలం లేదు. ఆ సడలించే విద్యను ఒక పద్ధతిగా కూర్చినవాడు ఈతన్ మార్కాట్. 2010 మే 25న, పదేళ్ళ కిందట ఆల్సప్ వ్యాసం వేసిన అదే పత్రికలో, ఆయన తన వ్యాసం ప్రకటించాడు. ఇతరులకు విడివిడిగా తెలిసిన మూడు సూత్రాలను ఆయన ఒకచోట కలిపాడు. ఒకటి, వరుసల వెడల్పు పిక్సెళ్ళలో గాక పాళ్ళలో ఉండాలి. 960 పిక్సెళ్ళ పుటలో 300 పిక్సెళ్ళ వరుస ఉంటే, 300ను 960తో భాగించి 31.25 శాతమని వ్రాయాలి. అప్పుడు పుట ఎంతకు తగ్గినా ఆ పాలు మారదు. రెండు, బొమ్మలు తామున్న గది వెడల్పును మించకూడదు. మూడు, తెర ఫలానా వెడల్పు కంటె తక్కువైతే పక్కవరుసను కిందికి దించమనే షరతులు సి.ఎస్.ఎస్.లో వ్రాయాలి. ఈ మూడూ కలిస్తే, ఒకే పుట ఫోనులో ఒంటివరుసగానూ పెద్ద తెర మీద మూడు వరుసలుగానూ నిలుస్తుంది. రెండు జాలాలు అక్కరలేదు. 2011లో బోస్టన్ గ్లోబ్ దినపత్రిక తన జాలస్థలిని ఈ పద్ధతిలో కట్టి, పెద్ద సంస్థలకూ ఇది సాధ్యమేనని చూపింది. 2012 జూన్‌లో ఆ షరతుల విధానాన్ని డబ్ల్యు3సి ప్రమాణంగా ఆమోదించింది.

ఇదే కాలంలో లూక్ రోబ్లెస్కీ ‘మొదట ఫోను’ అనే వాదం తెచ్చాడు. చిన్న తెరకు ముందు రూపం ఇచ్చి, ఆ తరువాత పెద్ద తెరకు విస్తరించమని అతని సలహా. చిన్న తెరలో చోటు లేదు కనుక, ఏది ముఖ్యమో ముందే తేల్చుకోక తప్పదు. అవధానంలో పృచ్ఛకుడు చిన్న ఛందస్సు ఇచ్చినప్పుడు వ్యర్థపదాలు వాటంతటవే రాలిపోతాయి గదా, అటువంటిదే ఇది.

తెలుగు కూడ మెల్లగా కుదుటపడింది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1లో కన్నడ, మలయాళాలతోపాటు తెలుగుకు మద్దతు చేరింది. డబ్బాల కాలం గడిచిపోతున్నదనుకున్నాము. కాని 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని, నడుమ కంటికి కనబడని ఒక విభజక సంకేతంతో సహా, ఎవరైనా సందేశంలో పంపితే ఐఫోనులో ఆ సందేశం చూపవలసిన ఉపకరణం కుప్పకూలేది. ఆ నెల 19న సవరణ విడుదల చేశారు. ‘జ్ఞానం’ అన్న మాటలోని తొలి అక్షరం అంత ఖరీదైన యంత్రాన్ని నేలకూల్చిందని పత్రికలు వేడుకగా వ్రాశాయి. నాకు వేడుక కంటె ఎక్కువగా ఒక సంగతి స్ఫురించింది. యంత్రాలకు మన లిపి ఇంకా అతిథే, ఇంటి మనిషి కాలేదు.

2015 ఏప్రిల్ 21 నుండి గూగుల్, ఫోనులో చదువుకోవడానికి అనువైన పుటలకు ఫోను వెదుకులాటలో పెద్దపీట వేయసాగింది. ఇంతకాలం మర్యాద కోసం చేయనివారు వ్యాపారం కోసం చేశారు. 2016 అక్టోబరులో ప్రపంచవ్యాప్తంగా ఫోనులు, టాబ్లెట్ల వాడుక కంప్యూటర్ల వాడుకను మొదటిసారి దాటిందని స్టాట్‌కౌంటర్ లెక్క తేల్చింది: 51.3 శాతం. సరిగా అదే యేడు నా శిష్యుడు నాకు ఫోను చేశాడు. ‘నాకు కంప్యూటరెక్కడిదండీ’ అని వాడన్నది వాడొక్కడి మాట కాదన్నమాట.

ఇక నా పుట సంగతి. దాని మూస 960 పిక్సెళ్ళకు బిగించి ఉన్నది. పద్యాలు అందంగా నిలవాలని ప్రతి పద్యాన్నీ పట్టికలో పెట్టాను. కొన్నిటిని మంచి ఖతిలో కూర్చి బొమ్మలుగా అంటించాను. అంటే తాటాకు మీద వందల యేళ్ళు హాయిగా ఒదిగిన పద్యాన్ని నేను, భాషాప్రవీణుణ్ణి, చట్రంలో బంధించాను! మూస మార్చాను, వ్యూపోర్ట్ పంక్తి చేర్చాను, పట్టికలు విప్పాను. ఇంగ్లీషుకు సరిపోయే పంక్తుల ఎడం మనకు చాలదు, పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులను ఒరుసుకుంటాయి, అది పెంచాను. రెండు అంచులూ సమం చేయడం మానాను. మన మాటలు పొడవైనవి, ఇరుకు తెరలో సమం చేయబోతే మాటల నడుమ గుంటలు పడతాయి. దీర్ఘసమాసాలు అన్నిటి కంటె ఎక్కువ ఏడిపించాయి. నడుమ ఖాళీ లేని సమాసాన్ని విహరిణి ఎక్కడ విరచాలో ఎరుగక, తెర అంచు దాటించి పడేసేది. అవసరమైతే మాటను విరిచి దించమని సి.ఎస్.ఎస్.లో అనుమతి ఇచ్చాను. పాదం రెండు పంక్తులైనచోట రెండవ పంక్తిని కొంచెం లోపలికి జరిపాను. అది కొత్త పాదం కాదని చూడగానే తెలుస్తుంది.

ఈ పనికి నాకు రెండు నెలలు పట్టింది. ముగించాక కువైట్‌కు ఫోను చేసి, “ఇప్పుడు చూడరా,” అన్నాను.

కాసేపు నిశ్శబ్దం. తరువాత వాడు నేను తరగతిలో చెప్పిన ఒక పద్యం పైకి చదవసాగాడు. యతి దగ్గర ఆగవలసిన తీరున ఆగాడు. పంక్తి ఎక్కడ విరిగిందో నాకు తెలుసు, వాడు మాత్రం అక్కడ ఆగలేదు. పాదం చివరనే ఆగాడు.

బొమ్మలుగా అంటించిన పద్యాలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. రోజుకొకటి చొప్పున మళ్ళీ టైపు చేస్తున్నాను. మీ పాత పుటలనూ ఒక్కసారి ఇంట్లోని చిన్న ఫోనులో తెరిచి చూడండి. ఎవరు ఎక్కడ వేలు నొప్పెట్టుకుని చదువుతున్నారో మనకు తెలియదు గదా.

స్వస్తి.